నీ దెయ్యం పిల్లాణ్ణి అమ్మేసే ముందు

తమ్ముడూ,

నీ కథ రాత్రే చదివాను. చింతచెట్టు దిగొచ్చిన ఆ దెయ్యం పిల్లాడు, కాళ్లకి చెప్పులు లేవని బడి గుమ్మం దగ్గరే ఆగిపోతాడు చూడు, అక్కడ గొంతు పట్టేసింది. ఆ తర్వాత వాడెలా చచ్చాడో రెండు పేజీలు రాశావు. అది తీసెయ్.

కాస్పర్ అని అమెరికా కార్టూన్లలో ఒక మంచి దెయ్యం పిల్లాడున్నాడు. వాడి మొదటి కార్టూన్ చూడు, 1945 నవంబర్‌లో ఫేమస్ స్టూడియోస్ తీసింది. వాడెలా చచ్చాడన్న ఊసే ఉండదు. మిగతా దెయ్యాలన్నీ జనాన్ని జడిపించడానికి పోతే వీడొక్కడే స్నేహితుల కోసం ఇల్లు వదిలి వెళ్తాడు, ఎవర్ని పలకరించినా పరుగో పరుగు, చివరికి తానెప్పుడో చచ్చిపోయానన్న సంగతే మర్చిపోయి రైలు పట్టాల మీద పడుకుంటాడు, రైలు కాస్తా వాడి మీంచే పోతుంది. నవ్వాలో ఏడవాలో తెలీదు. నీ చెప్పుల సీను ఆ జాతిదే.

1950 నుంచి సిరీస్‌గా వచ్చినవి మాత్రం నాకు బోర్. ప్రతిసారీ అదే పలకరింపు, అదే కేక, చివర్లో ఒక నేస్తం. కామిక్స్ కాస్త నయం. 1952 నుంచి హార్వీ వాళ్లు వేశారు, 1954లో వెండీ అనే బుల్లి మంత్రగత్తె వచ్చింది, అంటే వాణ్ణి చూసి పారిపోనివాళ్లు చుట్టూ చేరారు. నీవాడికీ అలాంటి ఒక్కరిని ఇవ్వు.

ఇక అగ్రిమెంట్ సంగతి. కాస్పర్‌ని పిల్లల పుస్తకం కోసం అనుకున్నది సేమూర్ రైట్, జో ఓరియోలో. ముందెవరికి తట్టిందో అన్నదాని మీద ఇద్దరిదీ చెరో మాట. రైట్ యుద్ధంలో సైన్యానికి వెళ్లినప్పుడు ఓరియోలో హక్కులు అమ్మేశాడు, 175 డాలర్లకని చెబుతారు. 1995లో సినిమా వచ్చేదాకా ఎన్ని చేతులు మారి ఎంత సంపాదించి పెట్టాడో ఆ తెల్ల పిల్లాడు! నేనూ ఒకప్పుడు డబ్బు అవసరమై, చదవకుండానే సంతకం పెట్టాను. నా పాత్ర టీవీలో వస్తుంటే మా అమ్మాయి "నాన్నా, నీ పేరెక్కడ?" అంది.

నీకిస్తామంటున్న డబ్బు కథ ఒక్కసారి వేసుకోడానికా, పిల్లాడి మీద హక్కులన్నిటికా? అగ్రిమెంట్ ఫోటోలు తీసి వాట్సాప్ చెయ్. సంతకం పేజీ ఒక్కటే కాదు, అన్నీ.