మస్టాంగ్‌కు నాలుగు తలుపులు పెట్టవచ్చునా?

ఫోర్డ్ సంస్థ రెండు తలుపుల స్పోర్ట్స్ కారైన మస్టాంగ్‌ను నాలుగు తలుపుల సెడాన్‌గా కూడా తయారుచేస్తే దాని స్వభావం చెడిపోతుందా, మా అమ్మగారి కోసం అది వచ్చేదాకా ఆగమంటారా అని గుంటూరు నుంచి మీరు అడిగారు. తయారుచేయవచ్చుననే నా అభిప్రాయం. అయితే ఉన్న బండికే మరో రెండు తలుపులు అమర్చితే సరిపోదు. పోర్షే సంస్థ 2009లో నాలుగు తలుపుల పనమేరాను తెచ్చినప్పుడు, వెనుక ఇంజిను ఉండే తన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు 911ను సాగదీయకుండా, ఇంజినును ముందుకు మార్చి, ముందు వెనుక చక్రాల మధ్య దూరాన్ని అప్పటి 911లోని 2,350 మిల్లీమీటర్ల నుంచి 2,920కి పెంచి, పూర్తిగా వేరే బండినే నిర్మించింది. 2016లో మన దేశానికి వచ్చిన మస్టాంగ్‌లో ఆ దూరం 2,720 మిల్లీమీటర్లు ఉన్నా, పొడవైన బానెట్‌కే చాలా చోటు పోవడంతో వెనుక కూర్చున్నవారి మోకాళ్లకు చోటు మిగలదు.

ఇక అమ్మగారి సంగతి. విజయవాడ బీసెంట్ రోడ్డు దగ్గర రెండు బళ్ల మధ్య ఆపితే మస్టాంగ్ వంటి కూపే, అంటే రెండు తలుపుల కారు, పొడవాటి తలుపు సగమే తెరుచుకుంటుంది. ముందు సీటు వంచి, ఆ సందులోంచి మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను వెనక్కి పంపడానికి మనసొప్పదు. కాబట్టి రాని బండి కోసం ఆగకండి. బీఎండబ్ల్యూ 3 సిరీస్ వంటి, నడపడానికి హుషారుగా ఉండే సెడాన్‌ను అమ్మగారితో కలిసి నడిపి చూడండి; ఆవిడ దిగేటప్పుడు చేయి ఆసరా అడుగుతున్నారో లేదో గమనించండి.