ఏ రౌటర్ కొనాలో తర్వాత, ముందు మీ ఇంటి కరెంటు సంగతి చెప్పండి

ఇల్లంతటికీ కలిపి రౌటర్‌లోనే వీపీఎన్ (మన నెట్ రాకపోకలను గుప్తంగా వేరే సర్వర్ గుండా పంపే దారి) పెట్టాలనుకుంటున్నానని, ఏ రౌటర్ కొనాలని, స్పీడు తగ్గుతుందా అని అడిగారు. స్పీడు మాట తర్వాత చూద్దాం. మీ ఇంట్లో కరెంటు ఎన్నిసార్లు పోతుంది? రౌటర్‌కు ఇన్వర్టర్ లైను ఉందా? వేళాకోళానికి అడగడం లేదు.

మా అక్కావాళ్లది మిర్యాలగూడ. బావ రైస్ మిల్లు చూసుకుంటారు. మేనల్లుడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చినవాడు ఊరికే ఉండక, రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, వైర్‌గార్డ్ అనే రకం వీపీఎన్ పెట్టి, టీవీ, ఫోన్లు, సీసీ కెమెరాలు అన్నీ వీపీఎన్ గుండానే బయటికి వెళ్లేలా కట్టుదిట్టం చేసి వెళ్లాడు. వీపీఎన్ తెగితే ఒక్క ముక్క కూడా బయటికి పోకూడదన్నది వాడి పట్టుదల. వెళ్లేముందు ప్లగ్గు పీకి మళ్లీ పెట్టి చూశాడు కూడా. కాసేపటికి నెట్ వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు.

ఎండాకాలం వచ్చింది. ఈదురుగాలులు, తీగల మీద పడే కొమ్మలు, వాటిని కొట్టడానికి లైన్‌మెన్ కరెంటు ఆపించే ఎల్‌సీలు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇంట్లో నెట్ మాయం. ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, ఏదీ తెరుచుకోదు. ఇన్వర్టర్ ఉంది కానీ దాని లైను ఫ్యాన్లకు, లైట్లకు మాత్రమే. రౌటర్ పెట్టే మూలన ఇన్వర్టర్ ప్లగ్గు ఒకటి ఇవ్వాలన్న ఆలోచన మన ఎలక్ట్రీషియన్లకు ఎప్పటికి వస్తుందో! అక్క ఫోన్ చేసింది: "తమ్ముడూ, అత్తమ్మ సీరియల్ మొదలైపోయింది, టీవీలో చక్రం తిరుగుతూనే ఉంది. వాడేమో మీటింగులో ఉన్నానంటాడు. నువ్వొకసారి వచ్చి వెళ్లు."

నల్గొండ నుంచి బస్సెక్కి వెళ్లాను. ల్యాప్‌టాప్‌ను తీగతో రౌటర్‌కు కలిపి దాని పనుల చిట్టా, అంటే లాగ్ తెరిస్తే విషయం మొదటి వరుసలోనే ఉంది. బయట మే నెల ఎండ మండిపోతోంది, రౌటర్ మాత్రం ఇంకా జనవరిలోనే, సంక్రాంతి సెలవుల్లోనే ఉంది.

ఇలాంటి రౌటర్లలో గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే తేదీ పోతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లేవగానే తన సెట్టింగుల ఫైళ్లలో అన్నిటికన్నా కొత్తదాని తేదీ చూసి, ఈ రోజు అదే అనుకుంటుంది. ఆ తర్వాత నెట్‌లో సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వర్‌ను అడిగి సరిచేసుకోవాలి. వైర్‌గార్డ్ ఏమో పలకరింపు పంపినప్పుడల్లా దాని మీద సమయం వేసి పంపుతుంది. గతసారి కంటే వెనకటి సమయంతో పలకరింపు వస్తే, ఎవరో పాత ప్యాకెట్‌ను దొంగతనంగా మళ్లీ పంపుతున్నారని అవతలి సర్వర్ తోసిపుచ్చుతుంది. అంటే తేదీ సరికాకపోతే వీపీఎన్ లేవదు, వీపీఎన్ లేవకపోతే మావాడి కట్టుదిట్టం వల్ల నెట్ లేదు, నెట్ లేకపోతే తేదీ రాదు. తాళంచెవి లోపలే వదిలేసి తలుపు లాగేసినట్టు అయింది. వాడు పరీక్షించిన రోజు ఫైళ్లు అప్పటికప్పుడు మార్చినవే కాబట్టి గడియారం కొద్ది నిమిషాలే వెనకబడింది, కాసేపటికి అదే సర్దుకుంది. అసలు జబ్బు నెలలు గడిచాకగానీ బయటపడదు.

ఇదంతా అక్కకు చెబుతుంటే అత్తమ్మ విని, "గోడకు క్యాలెండర్ వేలాడుతూనే ఉంది కదా నాయనా, దానికి ఒకసారి చూపించకపోయావా" అన్నారు. ఇంచుమించు అదే చేశాను. తేదీ చేత్తో కొట్టగానే సెకన్లలో వీపీఎన్ లేచింది. తర్వాత ఎన్‌టీపీని పేరుతో కాకుండా ఐపీ (నెట్‌లో చిరునామా) అంకెలతో, వీపీఎన్ బయటి నుంచి అడిగేలా మార్చాను; పేరు వెతకాలన్నా ముందు నెట్ ఉండాలి కదా. మోడెముకు, రౌటర్‌కు కలిపి పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొనిపించాను.

అంతటితో ఆగలేదు. టీవీని, అత్తమ్మ టాబ్‌ను, బావ బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌ను వీపీఎన్ నుంచి పూర్తిగా తప్పించాను. ఇల్లంతటికీ వీపీఎన్ అనేదే మన ఇళ్లకు పనికిరాని ముచ్చట అని నా అభిప్రాయం. సైట్లు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్ మీదే, అంటే గుప్తలిపిలోనే నడుస్తున్నాయి. మీరు ఏ సైటుకు వెళ్లారో కేబుల్ ఆపరేటర్‌కు తెలుస్తుంది గానీ లోపల ఏం చదివారో తెలియదు. వీపీఎన్ పెడితే ఆ పెత్తనం ఆపరేటర్ చేతి నుంచి వీపీఎన్ కంపెనీ చేతికి మారుతుంది, అంతే. పైగా వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల వివరాలు ఐదేళ్లు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. దాంతో కొన్ని పెద్ద కంపెనీలు ఇక్కడి సర్వర్లను ఎత్తేశాయి. మీరు జాబితాలో భారతదేశం అని ఎంచుకున్నా అసలు యంత్రం సింగపూర్‌లో ఉండవచ్చు. మిర్యాలగూడలో సీరియల్ చూడటానికి సింగపూర్ దాకా వెళ్లి రావడం ఎందుకు? వెళ్లివచ్చినా, వీపీఎన్ వాసన తగిలితే ఓటీటీలు తలుపు తీయవు.

అవసరం ఉన్నవాళ్లకు వేరే వైఫై పేరు ఒకటి పెట్టి, దాన్ని మాత్రమే వీపీఎన్‌కు కలపండి. మేనల్లుడు ఇంటికొస్తే దానికే కలుపుకుంటాడు.

రౌటర్ అంటారా, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ జాబితాలో ఉన్నది ఏదైనా చాలు. అడుగున స్టిక్కర్ మీద వెర్షన్ కూడా సరిచూసుకోండి, ఒకే పేరుతో లోపలి చిప్పులు మార్చేస్తారు. ఓపెన్‌వీపీఎన్ అనే పాత రకం జోలికి పోవద్దు, చవక రౌటర్ల ప్రాసెసర్ దానికి చాలదు. వైర్‌గార్డ్ 2020లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి పునాది అయిన లినక్స్ కెర్నెల్‌లోనే చేరిపోయింది, తేలికగా నడుస్తుంది. కొన్ని సైట్లు వచ్చి కొన్ని తిరుగుతూనే ఉంటే, మీది పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో కలిసే) కనెక్షన్ అయితే, వైర్‌గార్డ్ ఎంటీయూను (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని) 1420 నుంచి 1412కు దించండి.

నిజానికి బావ అడిగింది వేరు. మిల్లులో కూర్చుని ఇంటి కెమెరాలు చూడాలని. దానికి వీపీఎన్‌ను తిప్పి పెట్టాలి, ఇంటి రౌటరే సర్వర్ కావాలి. అక్కడ ఆపరేటర్ అడ్డం. రౌటర్ పేజీలో వ్యాన్ అడ్రస్ (ఆపరేటర్ రౌటర్‌కు ఇచ్చిన ఐపీ) 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వాటిలో ఏదైనా అయితే, ఎంతోమందికి కలిపి ఒకే ఐపీ ఇచ్చారన్నమాట, బయటి నుంచి లోపలికి దారి ఉండదు. స్టాటిక్ ఐపీ, అంటే మనకొక్కరికే మారకుండా ఉండేది, ఇమ్మంటే వేరే డబ్బు కట్టమన్నారు. బావ ఇంకా బేరమాడుతూనే ఉన్నారు.