తెల్లారగట్ల మొండికేసే తెప్ప మోటారు

ప్రశ్న: గురువుగారూ, మాది పెద జాలారిపేట. మా ఫైబర్ తెప్పకు పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్ మీద నడిపే టూ స్ట్రోక్ మోటారు ఉంది. జూన్‌లో వేట నిషేధం ఎత్తేసినప్పుడు ఒక్క లాగుకే అందుకుంటుంది. సంక్రాంతి రోజుల్లో మాత్రం తెల్లారగట్ల తాడు లాగి లాగి భుజాలు పడిపోతున్నాయి. ఎండెక్కాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ప్లగ్ మార్చినా అంతే. చలికి ఏదైనా ఉపాయం చెప్పండి.

జవాబు: మన విశాఖలో చలేటి తమ్ముడూ! జనవరి రాత్రి మహా అయితే 17, 18 డిగ్రీలు. లంబసింగిలో వణుకుతూ కూడా జనం బళ్లు స్టార్ట్ చేసుకుంటున్నారు. నీ మోటారుకు అడ్డం పడుతున్నది నిన్న ఒడ్డుకొచ్చేటప్పుడు కార్బురేటర్లో వదిలేసిన కిరోసిన్ అని నా అనుమానం. పెట్రోలు గడ్డకట్టే చలిలోనైనా మండేంత ఆవిరి ఇస్తుంది. కిరోసిన్‌కు 35 డిగ్రీలన్నా దాటాలి. ఎండకు మోటారు మూత వేడెక్కాక నీకు పని జరిగిపోతున్నది అందుకే.

మీ ఒడ్డున జరిగేది నాకు తెలుసు. కిరోసిన్ మీదే కెరటం వెనకాల పడి వచ్చి, ఫ్యాను ఇసుకకు తగలకముందే టక్కున ఆపి మోటారు పైకెత్తేస్తారు. ఆ హడావిడిలో కిరోసిన్ నుంచి పెట్రోలుకు తిప్పే కాక్ ఎవరికి గుర్తుంటుంది? కెరటాలు విరిగే చోటు ఇంకా దూరంగా ఉండగానే పెట్రోలు వైపు తిప్పెయ్యి. రెండు మూడు నిమిషాలు అలా నడిస్తే పైపులో, కార్బురేటర్ గిన్నెలో ఉన్న కిరోసిన్ కాలిపోతుంది. తెల్లారి స్టార్టయ్యాక కూడా ఇంజను వేడెక్కేదాకా పెట్రోలు మీదే ఉంచు. ఆ కాస్త పెట్రోలు దగ్గర పిసినారితనం చేసేవాళ్లే ప్లగ్గులకు డబ్బు పోస్తారు.

ఎప్పుడైనా మర్చిపోయావా, గిన్నె అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. అది వదులు చేసి డబ్బాలోకి వంచి, మళ్లీ బిగించి, కాక్ పెట్రోలుకు పెట్టి లోపలికి కొత్తది దిగనివ్వు. ప్లగ్ తడిసి నల్లగా ఉంటే తీసి తుడువు. ప్లగ్ బయట ఉండగానే ఇంధనం కట్టేసి, కిల్ స్విచ్ క్లిప్పు పీకేసి, తాడు నాలుగైదుసార్లు లాగితే సిలిండర్లో నిండినది బయటికి చిమ్మేస్తుంది. ఆ సమయంలో చుట్ట దగ్గర పెట్టుకోకు. అడ్డపొగ కదా, నిప్పు లోపలే ఉందిలే అనే బాపతు మనలో ఉన్నారు.

పెట్రోలు సంగతి కూడా చూసుకో. స్టార్టుకు మాత్రమే వాడతావు కాబట్టి చిన్న ట్యాంకులోది వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపినది, సముద్రపు గాలిలో తేమ పీల్చేస్తుంది. కొంచెం కొంచెంగా కొనుక్కో.

ఇక చోక్. పూర్తిగా లాగి, తాడు మెల్లగా బిగువు తగిలేదాకా తెచ్చి అక్కడి నుంచి ఒక్క విసురు. ఒకసారి దగ్గిందంటే చోక్ సగం లోపలికి నెట్టు. దగ్గాక కూడా చోక్ లాగే ఉంచితే ప్లగ్ తడిసి, మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. స్టార్టయి నిమిషంలో ఆగిపోతే ట్యాంకు మూత మీది గాలి మర తెరవడం మర్చిపోయావన్నమాట.

వీటన్నిటినీ ఇసుక మీద పరీక్షించబోకు. నీళ్లు లేకుండా తిప్పితే ఇంజనును చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ చూస్తుండగానే పాడవుతుంది. డ్రమ్ములో నీళ్లు పోసి మోటారు కాలు (ఫ్యాను ఉండే కింది భాగం) ముంచి స్టార్ట్ చెయ్యి, పక్కనుంచి సన్నధార చిమ్ముతోందో లేదో చూడు.

ఇంత చేసినా మొండికేస్తే, తాడు లాగినప్పుడు చేతికి బరువు తగలడం లేదేమో గమనించు. అలాగుంటే రింగులు అరిగాయేమోనని హార్బరులో మంచి మెకానిక్‌తో కంప్రెషన్ చూపించు, ఇంకో ప్లగ్ మాత్రం కొనకు.