పేటెంట్ రెన్యువల్ ఫీజు వేరే నంబరు మీద కట్టేస్తే?

పర్లాకిమిడి నుంచి ఆన్‌లైన్‌లో మీరు కట్టిన రెన్యువల్ ఫీజు (పేటెంట్ అమల్లో ఉండటానికి కట్టేది) వేరే పేటెంట్ నంబరు మీద పడిందన్నారు. ముందు గడువు చూసుకోండి. తప్పు దిద్దేదాకా మీ పేటెంట్‌కు ఫీజు కట్టనట్టే అనుకోవడం క్షేమం. గడువు దాటినా 6 నెలల్లోపు ఫారం 4తో, అదనపు రుసుముతో కట్టవచ్చు. గడువు దగ్గరపడితే సరైన నంబరు మీద మళ్లీ కట్టేయమనే నా సలహా, డబ్బు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

రసీదు జతచేసి, సరిచేయమని పేటెంట్ ఆఫీసు అధికారి అయిన కంట్రోలర్‌కు రాయండి. మీరుండేది ఒడిశా కనుక అది కోల్‌కతా ఆఫీసుకు వెళ్లాలి. పక్కనున్న శ్రీకాకుళం వాళ్లకైతే చెన్నై. కట్టిన ఫీజు మామూలుగా వాపసు రాదు. ఆన్‌లైన్‌లో ఒకే పనికి రెండుసార్లు పడితే మాత్రం అదనపుది ఇస్తారు.

ఆ 6 నెలలూ దాటిపోతే టెన్షన్ పడకండి. పేటెంట్ ఆగిపోయిన తేదీ నుంచి 18 నెలల్లోపు ఫారం 15తో పునరుద్ధరణ కోరవచ్చు. కావాలని మానలేదని ఆధారాలతో చూపించాలి.