రంగు కింద గోరుని చూసుకో

బుజ్జీ,

నువ్వు పంపిన కాలి బొటనవేలి ఫొటో కళ్ళజోడు పెట్టుకుని, పెద్దది చేసి మరీ చూశాను. గోటి మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి మచ్చలు, చివర్న పసుపు. కంగారు పడకు. నాకూ అచ్చం ఇలాగే అయింది. మీ అమ్మ పెళ్ళికి వేసుకున్న మెరూన్ గోళ్ళరంగు బద్ధకించి రెండు నెలలు తియ్యలేదు. మచ్చలు చూసి ఫంగస్ అనుకుని, మందులషాపులో ఇచ్చిన ఆయింట్‌మెంటు నెలంతా రాశాను. చివరికి డాక్టరమ్మ గోటిని కాస్త గీకి చూసి నవ్వింది. రంగు ఎండిపోయి గోటి పైపొరని లేపేసిందట, అంతే.

పసుపు మాత్రం ముదురు రంగుల మరక. అందుకే ముందు బేస్ కోట్, అంటే రంగులేని అడుగుపూత ఒకటి వేసి, అది ఆరాకే ఎరుపైనా మెరూనైనా వెయ్యాలి. ఉన్న మరకని నిమ్మచెక్కతో రుద్దకు, బ్లేడుతో గీకకు. గోరు పెరిగేకొద్దీ అదే కొసకి జరిగిపోతుంది. ఓపిక పట్టాలి మరి. కాలిగోరు నెలకి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావాలంటే 12 నుంచి 18 నెలలు పడుతుంది. అక్క పెళ్ళికి అందదులే.

అసలు గోరు పాడయ్యేది రంగు తీసేటప్పుడే. టీవీ చూస్తూ, పెచ్చులు లేచిన రంగుని పీకే అలవాటు నీకుందని నాకు తెలుసు. రంగుతోపాటు గోటి పొర కూడా ఊడి వస్తుంది. కింద పాత పేపరు పరుచుకుని, రిమూవర్‌లో తడిపిన దూదిని గోటి మీద అదిమి ఇరవై లెక్కపెట్టు. తర్వాత మొదలు నుంచి కొసకి ఒక్క తుడుపు. రాకపోతే మళ్ళీ అదుము గానీ రుద్దకు. ఎసిటోన్ ఉన్న రిమూవర్ గోటిలో తేమంతా లాగేస్తుంది కాబట్టి సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు కూడా తుడుచుకుని, గోటి మొదట్లో కొబ్బరినూనె చుక్క రాయి. స్టవ్ దగ్గరా దీపం దగ్గరా ఈ పని పెట్టుకోకు, భగ్గుమంటుంది.

గోరు ఊపిరి పీల్చుకోవాలి అంటారే, అది ఉత్తమాట. దానికి పోషణ వేలి లోపలి నుంచే అందుతుంది. వారం పది రోజులకోసారి రంగు తియ్యమనేది గోరు కనబడాలని. మందంగా, పొడిపొడిగా రాలుతుంటే ఫంగస్ కావచ్చు. దెబ్బ తగలకుండానే నల్లటి గీత కనబడితే వెంటనే చర్మం డాక్టరుకి చూపించు. రెంటికీ పైన ఇంకో పూత వేసి దాచడం మాత్రం వద్దు.

పార్లర్‌కి వెళ్తే నీ కట్టర్ నువ్వే పట్టుకెళ్ళు. గోటి మొదట్లో సన్నటి చర్మం ఉంటుందే, దాన్ని కత్తిరించనివ్వకు. అక్కడే గోరుచుట్టు మొదలవుతుంది. దాని మీద రోకటిపోటు ఎలా ఉంటుందో సామెతలో వింటే చాలు. గోళ్ళు తిన్నగా కత్తిరించు, మూలలు లోతుగా తవ్వకు. అమ్మమ్మకి షుగరుంది కదా, సరదాకైనా ఆవిడని పెడిక్యూర్‌కి తీసుకెళ్ళకు. ఆవిడ గోళ్ళు నేనే చూసుకుంటాను.

శనివారం వచ్చేటప్పుడు రంగు తీసేసి రా. ఫొటోలో సరిగ్గా తెలియడం లేదు, వసారాలో వెలుతురుకి చూస్తాను.

మీ పెద్దమ్మ