అమ్మడూ, ఆంప్ వెనక మూత తియ్యకు

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు సిన్సినాటిలో నలుగురిని పోగేసి గిటార్ బ్యాండు పెడుతున్నావట. పాడేవాళ్లెవరూ ఉండరట, 1960ల నాటి వాయిద్యాల పాటలే వాయిస్తారట. రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ సంతోషానికి నిద్రపట్టలేదు. ఫోన్ పెట్టేసే ముందు, "పాత ట్యూబ్ ఆంప్ కొన్నదిరా, రెండు పిన్నుల ప్లగ్గుదట, తనే విప్పి బాగుచేసుకుంటుందట" అంది. పట్టబోయే కాస్త నిద్రా దాంతో పోయింది.

ముందు ఆ ఆంప్, అదే గిటార్ మోత పెంచే పెట్టె, సంగతి. దాని వెనక మూత నువ్వు తియ్యకు. మేం వాల్వు అంటాం, మీరు ట్యూబ్ అంటారు. పేరేదైనా లోపల 400 వోల్టులు, ఒక్కోసారి అంతకు మించీ ఉంటాయి. గోడలో వచ్చేది 120 వోల్టులేగా అనుకుంటావేమో, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పెంచి ఇస్తుంది. ప్లగ్గు పీకేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో, అంటే కరెంటుని నిలవచేసే భాగాల్లో, అది నిలవ ఉండిపోవచ్చు. వాల్వు ఆంప్‌లు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి మూడు పనులు చేయించు. రెండు పిన్నుల వైరు తీయించి మూడు పిన్నులది వేయించు, అందులో ఎర్త్ వైరు ఛాసిస్‌కి, అంటే లోపలి లోహపు చట్రానికి, గట్టిగా బిగించాలి. మెయిన్స్‌కీ ఛాసిస్‌కీ మధ్య చిన్న కెపాసిటర్ ఒకటుంటే తీసెయ్యమను. అది షార్టయిన రోజున కరెంటు నేరుగా నీ గిటార్ తీగల్లోకి వస్తుంది. అక్కడి మెకానిక్కులు దాన్ని డెత్ క్యాప్ అంటారు, ఊరికే పెట్టలేదు ఆ పేరు. మూడోది, ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటర్లు మార్పించడం. గిటార్ తగిలించకపోయినా బొయ్యిమని మోగుతోందంటే మొదటి అనుమానం వాటి మీదే.

స్పీకర్ తగిలించకుండా ఆన్ చెయ్యకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఫ్యూజు పోతే అదే రేటింగుది వెయ్యి. మన ఇళ్లలో ఫ్యూజు గ్రిప్పుకి చేతికందిన తీగ చుట్టేస్తారు చూడు, ఆ విద్య అక్కడ ప్రదర్శించకు. సెలవులకి దాన్ని ఇక్కడికి తెస్తానన్నావట, 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెట్టావో, అంతే సంగతులు.

సరే, కోప్పడటం అయింది. ఇక వాయింపు.

తీగలు 10-46 మందం సెట్టు తీసుకో. ఆ రోజుల్లో మూడో తీగ మీద కూడా చుట్టు ఉండేది. చుట్టు ఉన్న తీగ లాగితే సరిగ్గా సాగదు, నీకు లాగడం కావాలి కాబట్టి చుట్టులేని మూడో తీగ ఉండాలి. బిగ్స్‌బీ, అదే తీగల్ని ఊపే బార్, ఉన్న గిటార్ అయితే శ్రుతి బిగించే మేకుకి మూడు నాలుగు చుట్లు మించి వద్దు. మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ ఉంటుంది, నట్ అంటారు, దాని గాడుల్లో పెన్సిల్ ముల్లు రుద్దు. శ్రుతి తప్పేది ఎక్కువగా అక్కడే, తీగ గాడిలో ఇరుక్కుని వెనక్కి రాదు.

మొదటి గురువుగా గిటారిస్టు లానీ మాక్‌ని పెట్టుకో. మీ పక్క రాష్ట్రం ఇండియానాలో పుట్టాడు. 1963లో మీ సిన్సినాటిలోనే, వేరేవాళ్ల రికార్డింగు అయ్యాక మిగిలిన కాసేపట్లో, చక్ బెర్రీ 'మెంఫిస్' పాటని నోటితో కాకుండా గిటార్‌తో వాయించాడు. అది పాప్ జాబితాలో 5వ స్థానం దాకా ఎక్కింది. చేతిలో 1958 నాటి ఫ్లయింగ్ వీ గిటార్, దానికి బిగ్స్‌బీ, వెనకాల మాగ్నటోన్ ఆంప్. ఇవన్నీ డబ్బుంటే దొరుకుతాయి. కానీ ఆ మనిషి గాస్పెల్ పద్ధతిలో, అంటే చర్చి పాటల తీరులో, గుండెలు పిండేలా పాడగలిగేవాడు. అందుకే గిటార్ కూడా పాడింది.

మా తరం వాళ్లందరం తప్పు చేసింది ఇక్కడే, నువ్వూ చేస్తావని నా భయం. పాడేవాళ్లు లేరు కదా, ఖాళీ వస్తే జనం విసుక్కుంటారని ప్రతి సందులోనూ నాలుగు స్వరాలు కుక్కేశాం. రికార్డు విని ఒక్క స్వరం వదలకుండా దింపాం, వేగం పెంచాం, బిగ్స్‌బీ బార్ పట్టుకుని ప్రతి స్వరాన్నీ ఊపాం. పైగా రివర్బ్ (ప్రతిధ్వని) నిండా తిప్పాం. తీరా వింటే పాట లేదు, గుక్క తిప్పుకోకుండా వాగే మనిషి ఉన్నాడు. కారణం సులువే. సోల్ పాటలో గొంతు ఒక మాట అంటుంది, ఆగుతుంది, ఆర్గన్ గానీ బూరలు గానీ బదులిస్తాయి. పన్నెండు బార్ల బ్లూస్‌లో (ఈ బార్ అంటే నాలుగు బీట్ల ఆవృతం) ప్రతి నాలుగు బార్లకీ మాట రెండు బార్లు, బదులు రెండు బార్లు. ఆ బదులు చోటు కూడా గిటారే తినేస్తే మిగతావాళ్లంతా దేనికి?

1962లో మెంఫిస్‌లో బుకర్ టి అండ్ ది ఎం.జి.స్ చేసిన 'గ్రీన్ ఆనియన్స్' విను. మొదట నడిపేది ఆర్గన్. స్టీవ్ క్రాపర్ గిటార్ వచ్చాక ఒక్కో ముక్క కత్తితో కోసినట్టు అని ఊరుకుంటుంది. (వాళ్ల స్టాక్స్ స్టూడియో పాత సినిమా హాలు. కుర్చీలు పీకేశారు గానీ నేల వాలు అలాగే ఉంచారు.)

అందుకని ఇలా చెయ్యి. ప్రతి వరసా ముందు నోటితో పాడు. ఎక్కడ ఊపిరి తీసుకున్నావో అక్కడ కుడి అరచేయి తీగల మీద ఆనించి మోత ఆపేయి. ఫోన్లో రికార్డు చేసుకుని పన్నెండు బార్లలో నువ్వు వాయించని బీట్లు లెక్కపెట్టు. మొత్తం 48 బీట్లు. అందులో పదిహేనైనా ఖాళీ లేకపోతే మళ్లీ మొదలుపెట్టు. బిగ్స్‌బీ బార్ మీద చెయ్యి, స్వరం నిలబడిన తర్వాతే, దాని చివర్లోనే పడాలి.

వీణ నేర్చుకున్న పిల్లవి, తీగ లాగడం నీకు కొత్త కాదు. ఎనిమిదేళ్లప్పుడు వేళ్లు కోసుకుపోయినా కొబ్బరినూనె రాసుకుని మళ్లీ కూర్చునేదానివి. కానీ వీణ అలవాటే ఒక చోట అడ్డం వస్తుంది. బ్లూస్‌లో గాంధారం సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో వేలాడుతుంది. నీ చెవి దాన్ని అంతర గాంధారం దాకా లాక్కెళ్తుంది, లాక్కెళ్లనివ్వకు. ఇంగ్లీషు E శ్రుతిలో అయితే జి స్వరం పట్టుకుని కాస్త పైకి నెట్టు, జి షార్ప్ రాకముందే ఆగు. ఫ్రెడ్డీ కింగ్ 1960లో సిన్సినాటి కింగ్ స్టూడియోలో చేసిన 'హైడ్ అవే'లో ఇలాంటివి వెతుక్కో. వీణ మీద రెండు వేళ్లతో నడిపిస్తావు, ఇక్కడ ఉంగరం వేలితో లాగుతూ వెనక రెండు వేళ్లూ ఆసరా ఇవ్వాలి. లేకపోతే మణికట్టు పట్టేస్తుంది.

ఆంప్ వాల్యూం మెల్లగా మీటితే స్వచ్ఛంగా, గట్టిగా మీటితే గరగరలాడేటంత ఉంచు. రివర్బ్ పదికి రెండు చాలు, మిగతాది హాలు ఇస్తుంది. ఫెండర్ ఆంప్ మీద వైబ్రాటో అని రాసుంటుంది గానీ అది ఊపేది శబ్దం హెచ్చుతగ్గుల్నే, శ్రుతిని కాదు. శ్రుతిని నిజంగా ఊపేది మాగ్నటోన్. ఆ ఊపు పాట నడకకి కలవాలి. నిమిషానికి 120 బీట్ల పాటకి సెకనుకి నాలుగు ఊపులు. రెండో గిటార్ అబ్బాయిని రెండో బీటు మీదా నాలుగో బీటు మీదా పై మూడు తీగలు టక్కున కొట్టి వదిలేయమను. డ్రమ్ముల పిల్ల కంగారుపడి ముందుకు తోస్తే మొత్తం పోతుంది.

ఆఖరుది, అసలైనది. పాడేవాళ్లు లేకపోయినా పాట పేరు చెప్పడానికి ఎవరో ఒకరు మైకు దగ్గరికి వెళ్తారు, నీ నోరు నాకు తెలుసు, నువ్వే వెళ్తావు. చేతిలో గిటార్ తీగలు, పెదవి మైకు జాలీకి తగులుతుంది. రెండింటి ఎర్త్ వేరైతే కరెంటు నీలోంచి పోతుంది. ఆంప్‌కీ మైకు సెట్టుకీ ఎర్త్ ఉన్న ఒకే చోటి నుంచి కరెంటు తీసుకోండి. వాయించే ముందు మల్టీమీటర్ ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక ముల్లు తీగకి, ఇంకోటి మైకు జాలీకి ఆనించు. సున్నా దగ్గర ఉండాలి. రెండు మూడు వోల్టులు దాటిందా, మైకు ముట్టుకోకు.

మల్టీమీటర్ రేపే కొను. కచేరీ రోజున అలా పెట్టి ఫొటో తీసి నాకు పంపు. అంకె కనబడాలి.

మీ అమ్మకి ఈ కరెంటు సంగతులేవీ చెప్పకు.

నీ మావయ్య