బోర్డు మీద ఏముందో చెప్పు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. నన్ను 'మాస్టారూ' అని సంబోధించావు గనుక నేనూ చనువు తీసుకుని నిన్ను 'నువ్వు' అనే రాస్తున్నాను. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష నీకు వశమైంది. ఇక నన్ను కూర్చోబెట్టి ఈ ఉత్తరం రాయించిన సంగతికి వస్తాను.

వ్యాసం పొడుగునా 'ఒక దేశపు గుర్తు' అన్నావు, 'ఒక రాజకీయ చిహ్నం' అన్నావు, 'వివాదాస్పదమైన ఆ బొమ్మ' అన్నావు. అది ఏ దేశపుదో, ఏ బొమ్మో ఒక్క చోటైనా చెప్పలేదు. మ్యూనిక్‌లో ఉద్యోగం చేసుకుంటూ, పాత సామాన్ల సంతలో కొన్న అమిగా 500 అనే పాతకాలపు ఇంటి కంప్యూటరుకు వేగం పెంచడానికి ఒక యాక్సిలరేటర్ బోర్డు తెప్పించుకున్నావు. ఇంట్లో కూర్చుని వాటిని తయారుచేసి అమ్మే మనిషి దాని మీద ఏదో ముద్రించాడు. కొన్నవాళ్ళలో కొందరు మెచ్చుకున్నారు, కొందరు తిట్టారు. ఇంతవరకు బాగానే ఉంది గాని, 'ఏదో' అంటే ఏమిటి? నువ్వు జతచేసిన ఫొటోను పెద్దది చేసి చూసుకున్న తరువాత గాని అది ఉక్రెయిన్ జెండా అని నాకు తెలియలేదు. వ్యాసం చదివేవాడికి ఆ ఫొటో ఉండదు కదా!

ఆ ఫొటోలో నాకు కనబడింది నీ రాతలో ఎందుకు లేదన్నదే నా బాధ. మామూలుగా సర్క్యూట్ బోర్డుకు సోల్డర్ మాస్క్ అనే పూత ఒకే రంగులో వేస్తారు, దాని మీద అక్షరాలు తెల్ల సిరాతో అచ్చువేస్తారు. చవకగా, కొద్ది సంఖ్యలో చేయించుకునేవాడికి పసుపు సిరా అంత సులువుగా దొరకదు. అందుకని నీ తయారీదారు నీలం పూత ఎంచుకున్నాడు. జెండా పైసగానికి ఆ నీలాన్నే వాడుకుని చుట్టూ తెల్లగీత గీశాడు. కింది సగంలో పూత తీసేసి రాగిని బయటపెట్టి, చిప్పుల లోహపు కాళ్ళు అతికే చోట్ల వేసే బంగారు పూతనే దాని మీదా వేయించాడు. అంటే ఆ జెండాలోని పసుపు, ప్రాసెసర్ కాళ్ళు ఆనే చోట ఉన్న పసుపు, రెండూ ఒకే లోహం. తెల్ల సిరా అయితే గీకితే పోతుంది. ఈ జెండాను గీకి పారేయాలంటే బోర్డు రాగినే గాయపరచాలి. అది నచ్చని కొనుగోలుదారు బ్లేడు పట్టుకుని కూర్చున్నప్పుడు అతనికి ఎదురయ్యేది ఈ సంగతే. నువ్వు దీన్ని 'ముద్రించిన చిహ్నం' అని ఒక్క మాటలో దాటేశావు.

నాలుగో పేజీలో, ఒక పొడుగాటి వాక్యం నడుమ, 'టేపు అతికించి మూత బిగించాను' అని ఉంది. నేను చదవడం ఆపింది అక్కడే. నువ్వు ఆ జెండా మీద నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించావు! కంప్యూటరు మూత వేశాక లోపలి బోర్డు ఎవరికీ కనబడదు. మళ్ళీ ఎప్పుడైనా విప్పితే చూసేవాడివి నువ్వొక్కడివే. అయినా అంటించావు. ఎందుకు? ఆఫీసులో పక్కసీటు మనిషి ఎవరో మనసులో మెదిలాడా? డబ్బు పెట్టి కొన్న వస్తువు మీద నీ అనుమతి లేకుండా ఇంకొకరి మాట ఉండటం గిట్టలేదా? ఆ యుద్ధం గురించి ఆలోచించడమే వద్దనిపించిందా? కొనుగోలుదారుల స్పందనల గురించి ఆరు పేజీలు రాసిన నువ్వు, నీకు బాగా తెలిసిన ఒకే ఒక కొనుగోలుదారును నాలుగు మాటల్లో దాచేశావు. నాకు ఆ మనిషి కావాలి.

ఈ దాపరికం నీది కాదని, మన పత్రికల నుంచి నీకు అంటిందని నాకు తెలుసు. తమిళనాడు ప్రభుత్వం 2011లో విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్‌లు పంచడం మొదలుపెట్టినప్పుడు వాటి మీద ముఖ్యమంత్రి జయలలిత బొమ్మ ఉండేది. నేను అప్పట్లో ఒక వారపత్రికకు కంప్యూటర్ల మీద శీర్షిక రాస్తూ, ఆ బొమ్మ గురించి, దాన్ని రోజూ చూస్తూ చదువుకోవలసిన పిల్లల గురించి రాశాను. సంపాదకుడు నా వాక్యాన్ని 'పొరుగు రాష్ట్రంలో ఒక నేత చిత్రం' అని మార్చి అచ్చువేశాడు. వెళ్ళి అడిగితే, టెక్నాలజీ పేజీలో రాజకీయం ఎందుకండీ అన్నాడు. రాజకీయాన్ని ఆ లాప్‌టాప్ మూత మీదికి ఎక్కించింది నేనా? ఆ శీర్షిక మానేశాక చాలాకాలం నా వ్యాసాలు ఎవరూ వేసుకోలేదు, అద్దె కట్టడానికి మందుల కంపెనీల కరపత్రాలు అనువదించుకుంటూ బతికాను. ఆ సంపాదకుల వారసులే ఇప్పుడు 'పలువురి మనోభావాలు దెబ్బతిన్నాయి' అని రాసి, ఎవరివి, ఏం చూసి అన్నది వదిలేస్తున్నారు. ఇరుపక్షాలకూ సమన్యాయం చేశామని దానికి పేరు. ఇరుపక్షాలూ ఎవరో చెప్పకుండా సమన్యాయం ఎలా కుదురుతుంది?

పేరు చెప్పకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. సోవియట్ కాలంలో స్పెక్ట్రమ్ అనే బ్రిటిష్ ఇంటి కంప్యూటరుకు 'లెనిన్‌గ్రాడ్', 'పెంటగాన్' లాంటి నకళ్ళు పుట్టాయి. వాటిని సరదాగా మళ్ళీ కట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అటువంటి బోర్డు మీద ఎవరైనా పాతరోజుల గుర్తుగా సుత్తీ కొడవలీ వేశాడనుకో. మనకు అది గోడల మీద, బ్యాలెట్ కాగితం మీద చూస్తూ పెరిగిన గుర్తు, నక్షత్రంతో కలిపి ఒక పార్టీకి ఎన్నికల సంఘం ఇచ్చిన గుర్తు. లిథువేనియాలో 2008 నుంచి, ఉక్రెయిన్‌లో 2015 నుంచి సోవియట్ చిహ్నాలను బహిరంగంగా ప్రదర్శించడం చట్టరీత్యా నిషిద్ధం. 'ఒక రాజకీయ చిహ్నం' అని నువ్వు రాస్తే ఖమ్మంలో చదివేవాడు ఒకటి అనుకుంటాడు, లిథువేనియా రాజధాని విల్నియస్‌లో ఉన్న తెలుగువాడు ఇంకొకటి అనుకుంటాడు. నీ జెండా సంగతీ అంతే. రష్యాలో సైన్యాన్ని కించపరిచినవారిని శిక్షించే చట్టం 2022 మార్చిలో, యుద్ధం మొదలైన కొద్ది రోజులకే వచ్చింది. బెర్లిన్‌లో ఉండే రష్యన్ 'నాకు జెండా లేని బోర్డు ఇవ్వండి' అని అడగడం వేరు, రష్యాలో ఉన్నవాడు అడగడం వేరు. ఇద్దరినీ కలిపి 'అభ్యంతరం తెలిపినవారు' అనేశావు.

ఇంజనీర్లు బోర్డుల మీద రాతలు రాయడం కొత్త అన్నట్టు మొదటి పేజీలో రాశావు, అది కొట్టెయ్యి. నీ అమిగా 500 తల్లిబోర్డు మీదే ఒక అమెరికన్ సంగీత బృందం పాట పేరు ఉంటుంది, విప్పి చూడు. తరువాత వచ్చిన 600, 1200 నమూనాల మీదా అదే బృందం పాటల పేర్లున్నాయి. 1984 నాటి మెకింటాష్ డబ్బా లోపల దాన్ని తయారుచేసినవాళ్ళ సంతకాలుంటాయి. వీటన్నిటికన్నా నీ విషయానికి దగ్గరిది డెక్ అనే అమెరికన్ కంప్యూటర్ కంపెనీ 1980లలో చేసిన సీవ్యాక్స్ ప్రాసెసర్. దాన్ని సోవియట్ ప్రయోగశాలలు కోసి చూసి నకలు తీస్తాయని ఆ ఇంజనీర్లకు తెలుసు. అందుకని సిలికాన్ ముక్క మీదే, మైక్రోస్కోపుకు గాని కనబడనంత చిన్న అక్షరాల్లో, తప్పులతడక రష్యన్‌లో, దొంగిలించదలిస్తే అన్నిటికన్నా మేలైనదాన్నే దొంగిలించండి అనే అర్థం వచ్చేలా ఒక వాక్యం చెక్కారు. కొన్నవాడికి ఆ వాక్యం ఉన్నట్టే తెలియదు, అది దొంగ కోసం రాసింది. నీ తయారీదారు ఆ జెండా ఎవరి కోసం గీశాడు? కొనేవాడి కోసమా, కీవ్‌లోని తన మనుషుల కోసమా, రాత్రిళ్ళు బల్ల మీద ఒంటరిగా టంకం పెట్టుకునే తన కోసమేనా? ఈ ప్రశ్న నువ్వు అతన్ని అడగనే లేదు.

స్పందన అంత తీవ్రంగా ఎందుకు వచ్చిందో కూడా సరిగ్గా పట్టుకోలేదు. జనం అసహనంగా తయారయ్యారని రాసి ఊరుకున్నావు. అమిగాను తయారుచేసిన కమొడోర్ కంపెనీ 1994లో దివాలా తీసింది. ఆ కంప్యూటరుకు కొత్త భాగం కావాలంటే ఇలా విడిగా తయారుచేసే కొద్దిమందే దిక్కు. దుకాణంలో మౌసు నచ్చకపోతే పక్కది తీసుకుంటాం. ఇక్కడ పక్కది లేదు. పైగా అమ్మేవాడు పేరు తెలిసిన మనిషి, పార్సిల్ మీద చిరునామా తన చేత్తోనే రాసేవాడు. కొనేవాడు ఆ బోర్డును పెట్టేది తన చిన్ననాటి యంత్రంలో, దాని 68000 ప్రాసెసర్‌ను 64 కాళ్ళలో ఒక్కటీ వంగకుండా ఊపిరి బిగబట్టి పెకలించి, అదే సాకెట్లో. అంత ఆప్యాయంగా చూసుకునే చోటికి యుద్ధం వచ్చి కూర్చుంది కాబట్టి కోపం వచ్చింది, లేదా ఆ చోటికైనా వచ్చినందుకు కళ్ళు చెమర్చాయి. రెండూ నిజమే. రెండిటినీ మనుషులతో చూపించు.

నా అభిప్రాయం అడిగావు, చెబుతాను. తన బల్ల మీద తాను చేసుకున్న వస్తువు మీద తన మాట రాసుకునే హక్కు అతనికి ఉంది. ప్రభుత్వం ప్రజల డబ్బుతో పంచే లాప్‌టాప్ మీద నాయకుడి బొమ్మ వేయడానికీ దీనికీ పోలిక లేదు. ఆ విద్యార్థికి వద్దనే వీలు లేదు, నీకు ఉంది. అయితే అమ్మకానికి పెట్టిన ఫొటోలో ఆ జెండా కనబడి తీరాలి. నువ్వు చెప్పినదాన్నిబట్టి అతను బోర్డు ఒక వైపు ఫొటో మాత్రమే పెట్టాడు, జెండా రెండో వైపు ఉంది. నేను తప్పుపట్టేది అది ఒక్కటే, దానికి నేనైతే డబ్బు వాపసు అడుగుతాను. ఈ తేడాను నువ్వు ఐదో పేజీలో తాకి వదిలేశావు.

కొన్నవాళ్ళు ఏమన్నారన్నది తగ్గించి ఏం చేశారన్నది రాయి. ఒకడు తిప్పి పంపాడన్నావు, తపాలా ఖర్చు ఎవరు భరించారు? ఒకామె రెండోది కూడా కొన్నది అన్నావు, ఆమె దగ్గర రెండు అమిగాలున్నాయా? ఇంకొకడు జెండా తీసేసి తానే చేయించుకున్నాడన్నావు. అది ఎలా సాధ్యమైందో చెప్పు. ఆ బోర్డు గెర్బర్ ఫైళ్ళను, అంటే ఫ్యాక్టరీకి పంపే బోర్డు నమూనాలను, తయారీదారు బహిరంగంగా పెట్టాడు, సెర్న్ అనే యూరప్ అణు పరిశోధన సంస్థ 2011 నుంచి ఇస్తూ వచ్చిన ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్సు కింద పెట్టాడు కాబట్టి ఎవరైనా మార్చుకోవచ్చు. జెండా గీసినవాడే దాన్ని చెరిపే హక్కు కూడా కొనేవాడి చేతికిచ్చాడు! ఇంత మంచి సంగతి దగ్గర పెట్టుకుని ముగింపులో సహనం మీద ఉపన్యాసం ఎందుకు?

లెక్కలు ఎలా రాయాలో విండోస్ 95 కథ చూసి నేర్చుకో. దానిలోని పటంలో 8 లక్షల చుక్కలకు గాను ఎనిమిదింటికి వేరే ఆకుపచ్చ పడి కాశ్మీరు భారతదేశం బయట ఉన్నట్టు కనబడిందని, ఇక్కడ అమ్మకం నిషేధించారని, 2 లక్షల కాపీలు వెనక్కి తీసుకున్నామని మైక్రోసాఫ్ట్ ఉద్యోగి టామ్ ఎడ్వర్డ్స్ 2004లో చెప్పాడు. ఆ ఎనిమిది చుక్కలు తీసేసి 'పటంలో ఒక పొరపాటు' అని రాస్తే ఎవరికి గుర్తుంటుంది?

ఎక్కడికి పంపాలని, కథగా మారిస్తే బాగుంటుందా అని కూడా అడిగావు. అవి ఇప్పుడు వద్దు. ముందు తయారీదారుకు ఒక ఈమెయిలు రాయి, జెండా ఎందుకని, రెండో వైపు ఫొటో ఎందుకు పెట్టలేదని మర్యాదగా అడుగు. జవాబు వస్తే అతని మాటల్లోనే వాడుకో, రాకపోతే రాలేదనే రాయి. మూత విప్పి, టేపు తీసి, జెండా ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిచి రాసుకో. తిరగరాసిన ప్రతి నాకే పంపు, ఈసారి ఫొటో జతచేయకు.

ఇట్లు,
మీ మాస్టారు